మఫ్రఖ్ చంద్రవ్వ

హలో… ఆ, నేనేరా అంజీ, రత్నాకర్‌ని. ఇంకెవలు చేస్తరు నీకు దుబాయ్ నుంచి?

ఆ… ఆ, నడుస్తుంది. నువ్వు?… బిడ్డ, లావణ్య?… మంచిది, మంచిది.

అరే, ఏందిరా ఆ లొల్లి? ట్రాక్టరా?… ఓ, పసుపు ఉడకబెడ్తున్నరా! ఇయ్యాల్నేనా?… కూలోళ్ళు దొరికిండ్రా మరి?… ఆ. సరె, సరె, నీకు పనున్నది, నాకెర్కే. గని జెర అవతలికి జరుగు. గా మిషన్ పక్కన నిలవడి హలో హలో అంటె నా మాటేం వినవడ్తది నీకు?

ఏం కాలేదు. ఎవలకేం కాలే… అరే, ఏమన్న అయితెనే ఫోన్ చెయ్యాల్నారా? మొన్న దసరకు మాట్లాడినం గద. ఏం మాట్లాడినం? 'తిన్నవా? తిన్న. వానలు వడ్డయా? వడ్డయి. ఉంట మరి.' గంతే. ఒకే రూముల, కింద మంచం నీది, మీది మంచం నాది, గన్నేండ్లు ఉన్నోళ్ళం. గవేనా మన ముచ్చట్లు?… కోపం కాదురా. కోపమైతె ఫోనెందుకు చేస్త?

జరిగినవా?… ఆ, ఇప్పుడు మంచిగ వినవడ్తున్నవ్.

రెండు ముచ్చట్లున్నయి నీతోని. ఒకటి చెప్పేది, ఒకటి అడిగేది… ముందు చెప్పేది చెప్త. అడిగేది ఎనుక అడుగుత. దానికి జెర ధైర్యం రావాలె… లే లే, పైసల ముచ్చట కాదు, భయపడకు!

అంజీ…

చంద్రవ్వ దొరికింది.

— మీ ఊరి చంద్రవ్వ కాదురా పిచ్చోడా! ఆమెకేమైంది, ఆమె మీ ఊర్లె నాట్లేసుకుంట పాడుకుంట మంచిగనే ఉన్నది గద. మన చంద్రవ్వ. మఫ్రఖ్ లేబర్ క్యాంపుల, మన రూముల పాడే చంద్రవ్వ. మన రికార్డు!

ఆ! అదే! నల్లటి పళ్ళెం!… ఒట్టురా. నా చేతులనే ఉన్నది ఇప్పుడు.

ఈడ నైఫ్ బజార్ల. పేరు నన్నే సాహెబ్, హైదరాబాద్ ఆయన, పాత సామాన్ల దుకాణం… నువ్వు చూడలే, నువ్వు పోయినంకనే నాకు ఎర్కయిండు. పాత రేడియోలు, టేప్ రికార్డర్లు, గిర్రున తిప్పే ఫోన్లు, అన్ని ఉంటయి. ఇయ్యాల ఐతారం గద, సెలవు… ఆ, ఇప్పుడు శుక్రారం కాదు, మా కంపెనీకి ఐతారమే సెలవు. గట్ల అల్ వర్సాన్‌ల మా రూము నుంచి బస్సెక్కి వచ్చిన. దుకాణంల ఒక అట్టడబ్బ ఉండె. అరబ్బీ పాటల పళ్ళాలు, హిందీ పాటల పళ్ళాలు, ఊకెనే ఒక్కొక్కటి తీసి చూస్తున్న. అన్నిటికంటె కింద… చేప!

ఆ, అట్ట మీది బొమ్మ! చేప కడుపుల కన్ను, కంట్లె మల్లొక చేప. చుట్టూర నారింజ రంగు, ఊద రంగు, బతుకమ్మ కిందవడి చెదిరినట్టు. అక్షరాలు గవే, కరిగిన మైనం లెక్క. సాహెబ్ మంచిగ చదువుకున్నాయన, ఆయనకు సుతం అవి చదువొస్తలేదు. ఈ తీరు పాటలను ఏదో రాక్ అంటరంట. పాత కాలంల తెల్లోళ్ళు మత్తుల మునిగి పాడిన పాటలంట.

మనది కాదురా. మనది కరోనల పోయె గద. నువ్వు విమానం ఎక్కినంక క్యాంపు ఖాళీ చేయించి, రూములల్ల సామాను మొత్తం కుప్ప పోసి పారేసిరి. నేను అక్కడ లేకుంటి, ఉంటె పారెయ్యనిత్తునా?… మనదాని అట్ట మీద నువ్వు చాయ్ గిలాస పెట్టిన మచ్చ ఉండె. దీనిమీద లేదు. గని పాటలు గవే. అచ్చు గవే.

ఇంకా వినలే!… నీ కోసమే ఆగిన. సాహెబ్ కాడ పళ్ళెం తిప్పే మిషనుంది. సూది పెడ్తనంటుండు. ఆగు సాబ్, మా దోస్తుకు ఫోన్ చేస్త, ఇద్దరం ఒక్కపారే వింటం అన్న. గందుకే చేసిన. విన్నంక, నేను అడిగేది అడుగుత.

…

టైం లేదంటవా?… అరే, ఒక్క పాటరా. పసుపు నువ్వు నిలవడితెనే ఉడుకుతదా? కూలోళ్ళున్నరు గద?… గట్లను! గదీ!

యాదున్నదా, తెచ్చిన దినం? విల్లా ఖాళీ చేస్తుండ్రని సామాను ఎత్తేతందుకు పంపిండ్రు మనల్ని. ఆ మేడం, 'ఇది చెత్తల వెయ్యిండ్రి' అన్నది. నువ్వు మిషన్ నెత్తిన పెట్టుకుంటివి, నేను రికార్డును అంగి లోపల పెట్టుకుంటి. ఒక్కటే రికార్డు. మల్లొకటి మనకు దొరుకనే లేదు… దొరికినా వింటుంటిమా? మనకు చంద్రవ్వ ఉండె గద.

పేరు నువ్వే పెట్టినవ్. మొదటిపాట వినంగనే మంచం మీద లేసి కూసుంటివి, 'అరే, మా ఊరి చంద్రవ్వ లెక్కనే పాడ్తుందిరా, గదే జీర, గదే తొందర' అంటివి. గప్పటినుంచి ఆమె చంద్రవ్వే. ఇంగ్లీషుల ఆమె ఏం పాడుతుందో మనకేం తెల్సు. నువ్వేమో, 'బర్రె తప్పిపోయింది, పిలుస్తుంది' అంటివి. ఆ! నేనేమో, 'పెనిమిటి ఓడ మీద నౌకరికి పోయిండు, గాయన్ని పిలుస్తుంది' అంటి… ఏం, ఓడ కాదా? మధ్యల నీళ్ళ సప్పుడు వస్తది గద! బర్రె నీళ్ళల్ల పడ్డదా?… నీ పాడుగాను!

మన రూముల భీమయ్య ఎట్ల తిట్టేటోడు? 'పాటారా ఇది, బోరుబండి పెట్టి రాయి తొలుస్తున్నట్టుంది' అని. బోరుబండి పాట అని గాయన పెట్టిన పేరే మిగిలింది ఆ మొదటిదానికి. ఇప్పుడు అదే పెడ్తుండు సాహెబ్. బోరుబండి.

స్పీకర్ల పెడ్తున్న ఫోను. నువ్వు మాట్లాడకు. చెవు దగ్గర పెట్టుకో… సాబ్, లగావో.

…

వినవడ్తుందా? గరగర?… సూది సప్పుడు అది. ఇగో, ఇప్పుడు గిటార్ వస్తది… ఇగో…

…

ఏందిది?

సాబ్, ఠైరో. మెషీన్ ఢీలా హై క్యా?… అంజీ, ఆగు. మిషన్ జెర బాగలేనట్టుంది, బెల్టు సాగిందో ఏందో. బోరుబండి ఎద్దుబండి లెక్క పోతుంది. మనది గింత మెల్లగ లేకుండె గద… హా సాబ్? మిషన్ మంచిగనే ఉన్నదా?… మంచిగనే ఉన్నదంటుండు. సరె, నడవనియ్యి. ఇప్పుడు చంద్రవ్వ అందుకుంటది, విను. ఒకటి… రెండు… ఇగో —

…

…

ఎవడు వీడు?

అంజీ… వింటున్నవా? మొగోడు పాడుతుండురా… మొగోడే. గొంతు లావు. రాగం గదే. ఊగుడు గదే. మాటలు సుతం గవే, నాకు నోటికొచ్చిన మాటలే గద. గని చంద్రవ్వ పాడేకాడ వీడు పాడుతుండు… వేరే రికార్డు ఎట్లయితది? చేప ఉన్నది గద!

సాబ్, యే ఔరత్ కా గానా హై… ఆడిమనిషి పాట, సాబ్! మేం రోజు విన్నం!… హా?… మా మిషనా?… చిన్నది సాబ్, పెట్టె లెక్క, మీద మూత… మీటా? మీట ఉండె. ఇరిగి ఉండె. మేం తెచ్చిననాడే ఇరిగి ఉండె. కదలకపోయేది…

…

అంజీ. సాహెబ్ ఏమంటుండో చెప్త విను. పళ్ళాలు రెండు తీర్ల ఉంటయంట. పెద్ద పళ్ళెం మెల్లగ తిరుగాలె, చిన్న పళ్ళెం జోరుగ తిరుగాలె. దేనికి ఏది కావాల్నో ఆ మీటతోని మార్చుకోవాల్నంట. మనదాని మీట జోరు దిక్కు ఇరికి ఇరిగిపోయింది. మనమేమో దాని మీద పెద్ద పళ్ళెం పెట్టినం. గంత జోరుగ తిప్పితె… మొగోని గొంతు సన్నవడ్తదంట. ఆడిమనిషి గొంతయితదంట.

చంద్రవ్వ లేదంటుండు సాహెబ్. మొదటినుంచే లేదంట.

…

హ హ… అరే, నవ్వరా! గన్నేండ్లు మొగోని పాటకు… శుక్రారం పొద్దుగాల్నే తానం జేసి, అంగి ఇస్త్రీ చేసుకొని, దువ్వుకొని కూసుంటుంటి నేను! నువ్వే అంటుంటివి గద, 'పెండ్లిచూపులకు పోతున్నవారా' అని. వీని కోసం! గడ్డాలు మీసాలు ఉన్నోని కోసం!… నవ్వుతలేవేందిరా?

హలో?… ఉన్నవా?… ఉన్నవ్. మరి నవ్వస్తలేదా నీకు?

ఏంది?

— ఎర్కనా? ఏమెర్క?

…

ఎప్పటినుంచి?

సాబ్, జెర బంద్ కరో. బంద్ కరో సాబ్, మాట్లాడుతున్న… ఆ, చెప్పు. ఎవలు చెప్పిండ్రు నీకు?… మలబారాయన? ఏసీ బాగుచేసేతందుకు వచ్చినాయననా?… నేనేడున్న?… డ్యూటీల. ఆ… ఆయన ఉన్నప్పుడు నువ్వు పాట పెట్టినవ్… ఆయన విని నవ్విండు… ఆ… మీట బాగుచేసిస్తనన్నడా? ఎంతసేపు పని అని?… ఆ… నువ్వేమన్నవ్?

ముట్టకుమన్నవా.

చాయ్ తాగించి తోలిచ్చినవా ఆయన్ని…

ఎందుకురా?… నాకు చెప్పాలె గద! ఇద్దరం నవ్వుకుందుము. దోస్తులం గాదా?… ఏంది?… ఏ దినాలు?

…

ఓ. మా ఇంటిది, ప్రేమ, నా ఫోన్ ఎత్తుడు బందువెట్టిన దినాలా.

…యాదున్నది. ఎట్ల మరుస్త? 'ఫోన్ల గొంతుతోని కాపురం చెయ్యలేను' అని మా అన్నతోని చెప్పి పంపె. పెద్దమనుషులు కూసొని తెంపేసిరి. నేను ఈడ, ఆమె ఆడ. మొఖం సుతం చూసుకోలే… తప్పేమున్నదిరా ఆమెది. నేను ఎన్నడన్న ఉన్ననా ఆమె దగ్గర?

గప్పుడే… ఆ. చంద్రవ్వ పాడితెనే నాకు కన్నంటుకునేది. నిజమే.

టెరస్? ఏ టెరస్… అంజీ.

నువ్వు చూసినవా?

నేను ఊకెనే పోయిన గాలికి… అవును, గోడ మీదికి ఎక్కిన… ఆ. నువ్వు బట్టల బకీటు పట్టుకొని ఎనుకనే వచ్చినవ్. తీగ మీద బట్టలారేసుకుంట, ఏదో చింతపండు ముచ్చట, చికెన్ ముచ్చట మాట్లాడితివి. దిగిరా, కూర మాడుతదంటివి… ఏంది? ఎండిన బట్టలా?… ఎండిన బట్టలే మల్లొకపారి ఆరేసినవా నువ్వు?

…

నాకు తెల్వదురా. నేను పొద్దూకేటాల్లకు బట్టలెందుకు ఆరేస్తుండు వీడు అనుకున్న. గంతే అనుకున్న.

…

గప్పటినుంచి రోజు పాట పెట్టి, నేను పండుకున్ననా లేదా అని చూసుకుంట… నేను పండుకునేదాక నువ్వు పండుకోకపోయేదా? పొద్దుగాల నాలుగు గొట్టంగ లేవాలె గద నువ్వు, బస్సుకు!… అరే, అంజీ… ఏం మనిషివిరా నువ్వు.

మరి ఎనుకనన్న చెప్పొద్దా? నేను బాగైనంక?… ఎట్ల చెప్పాల్నో తెల్వలేదా… ఊఁ. అవును. అంగి ఇస్త్రీ చేసుకునేటోనికి ఎవలు చెప్తరు.

ఒక్కటి అడుగుత. భీమయ్యకు ఎర్కనా?

…

రూమంత ఎర్కనా?… అందరికా?

గందుకేనా, నేను దువ్వుకుంటుంటె భీమయ్య బయటికి ఉరికేటోడు. బోరుబండి అని తిట్టుకుంట పోయేటోడు, నవ్వేతందుకు… నవ్వలేదా?… నువ్వు అందరితోని ఒట్టేయించుకున్నవా! ఒక్కడు సుతం నోరు జారలే. గన్నేండ్లు. తాగినప్పుడు సుతం జారలే… ఏం రూమురా అది.

కోపమా?… కాదు. కోపమెట్లస్తది. మీరు నన్ను కాపాడిండ్రు, నాకు తెలుస్తుంది. గని అంజీ, ఎట్ల చెప్పాలె… బాధైతుంది. ఇద్దరం వింటున్నం అనుకున్న నేను. చంద్రవ్వ మనిద్దరి మనిషి అనుకున్న. నువ్వు బర్రె అంటివి, నేను ఓడ అంటి, నువ్వు ఉత్తగ అంటుంటివా?… నన్ను మాట్లాడిపిచ్చేతందుకా?

అంటె ఆమె కాడ నేనొక్కన్నే ఉన్న. మొదటినుంచి నేనొక్కన్నే.

…

లే, ఏడుస్తలేను. దుకాణంల ఉన్న, ఎట్ల ఏడుస్త?… సాహెబ్ చూస్తుండు. ఆగు, ఏదో అంటుండు… హా సాబ్?… అంజీ, సాహెబ్ అంటుండు, ఈ మిషన్‌కు మీట మంచిగనే ఉన్నదంట. జోరు దిక్కు మారిస్తె ఆమె వస్తదంట. వినాల్నా అంటుండు. ఏమంటవ్?… నా ఇష్టమా. నువ్వు చెప్పరాదు?… సరె. పెట్టు సాబ్. ఒక్కపారి.

…

…

వచ్చింది. అంజీ, వచ్చింది! గదే జీర… విను, విను… 'ఆఁ' అని తీస్తది ఇప్పుడు… తీసింది! ఆమెనేరా! ఆమె —

…

లే.

సాబ్, నికాలో. చాలు.

ఆమె కాదు. మొగోడు ఉరుకుతుండు. ఒక్కపారి ఎర్కయినంక ఇగ గదే వినవడ్తుంది. ఎవలో తరుముతున్నట్టు ఉరుకుతుండు, ఊపిరి సుతం తీసుకుంటలేడు పాపం. ఎట్ల విన్నరా నేను గన్నేండ్లు?… చంద్రవ్వ పోయింది. సూదిపెట్టంగ కండ్ల ముందట్నే పోయింది.

ఆ సాబ్?… నమాజుకు పోతుండు సాహెబ్. దుకాణం చూసుకొమ్మంటుండు. ఆ సాబ్, పో, నేనుంట… ఏంది? మిషన్?… ఉండనియ్యి. మెల్లగనే పెట్టు. గాయన్నే పాడనియ్యి, ఏం చేస్తం.

…

పోయిండు సాహెబ్. నేనొక్కన్నే ఉన్న ఇప్పుడు.

వినవడ్తుందా నీకు?… గొంతు మంచిగనే ఉన్నదిరా వీనిది. చెప్పాల్నంటె… డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు ఇప్పి కూసొని పాడుకుంటున్నట్టుంది. మధ్య మధ్యల ఆగుతుండు. విన్నవా? ఇగో, ఆగిండు… మల్ల పాడుతుండు. మన మిషన్‌ల ఈ ఆగుడు మనకు వినవడనే లేదు. నిజంగనే ఎవలనో పిలుస్తుండు అంజీ. పిలిచి, ఆగి చూస్తుండు. జవాబు వస్తలేదు. మల్ల పిలుస్తుండు.

నీకు బర్రెనేనా ఇప్పుడు సుతం?… నీయవ్వ!

…

రూమా? ఉన్నరు, రూముల ఉన్నరు. బిహారోళ్ళు, నేపాలోళ్ళు. మంచి పోరగాండ్లే, సలాం కొడ్తరు, చాచా అంటరు. చెవులల్ల వైర్లు పెట్టుకొని పండుకుంటరు. ఎవని పాట వానిదే, ఒకని పాట ఒకనికి వినవడది… వండుకునుడు లేదు. మెస్సుల తింటున్న… ఒక్కన్నే. ఇంకెవలతోని తింట?

ఏందో అంటున్నరు నీ దగ్గర… పిలుస్తున్నరా? ఉడికిందా పసుపు?… ఇంకొంచెంసేపు ఉండరాదు. ఇంకా అడిగేది అడుగలే గద నేను… ఆ, గదే, రెండో ముచ్చట. పాట వింటె ధైర్యమొస్తదనుకున్న. ఏడికి. ఉన్నది సుతం పోయింది.

సరె, విను. చెప్పేస్త. నడుమ మాట్లాడకు. నడుమ మాట్లాడితె మల్ల చెప్పలేను.

అంజీ, నేను బాగలేనురా.

నువ్వు పోయినకాడి నుంచి బాగలేను. డ్యూటీ ఉన్నప్పుడు ఏం తెల్వది. గోదాముల డబ్బలు లెక్కపెట్టుకుంట, యల్లా యల్లా, జల్ది జల్ది అనిపిచ్చుకుంట పొద్దు పోతది. ఐతారం అస్తె భయమైతది. పొద్దంత ఏం చెయ్యాలె? బస్సెక్కి నైఫ్ వస్త. ఏం కొనను. గల్లీ గల్లీ తిరుగుత. ఎవలన్న తెలుగుల మాట్లాడుకుంట పోతె ఎనుక ఎనుకనే పోత. పలకరియ్య. ఊకెనే వినుకుంట పోత. వాళ్ళు టాక్సీ ఎక్కెదాక పోత.

ఇయ్యాల చేపను చూడంగనే నాకు చంద్రవ్వ యాదికి రాలేదురా. అబద్ధమెందుకు. నీకు ఫోన్ చేసేతందుకు ఒక ముచ్చట దొరికింది అని సంబురపడ్డ. గదే మొదలు వచ్చింది మనసుకు. ఉత్తగ ఫోన్ చేస్తె నువ్వు, 'ఏమైందిరా' అంటవు. ఏం కాలేదు, నాకు నువ్వు కావాలె అని ఎట్ల చెప్త?

నేను వచ్చేస్త అంజీ. వీసా క్యాన్సల్ చేయించుకొని వచ్చేస్త. మా ఊరికి కాదు. అక్కడెవలున్నరు నాకు? అన్నకు నేను అతిథినే. మీ ఊరికి వస్త. ఒక అర్ర చూడు, చిన్నదైనా సరె, నీ ఇంటికి దగ్గర్ల. పసుపు తవ్వుత, ఉడకబెడ్త, నీళ్ళు కడ్త, నాకేమన్న రాదా? నీకు బరువు కాను. పొద్దూకంగ మీ వాకిట్ల కొంచెంసేపు కూసొని పోత. గంతే. రమ్మంటె వస్త. వద్దంటె… వద్దనే చెప్పు, నేను ఏమనుకోను. ఒట్టు.

రమ్మంటవా?

…

…

అంజీ?

హలో?… హలో…

కట్టయిందా?

…

హలో! ఆ, ఆ, వినవడ్తుంది. కట్టయింది నడుమ… నువ్వు చేస్తున్నవా? నేను సుతం చేస్తున్న. గందుకే కలువలేదు.

ఎక్కడిదాక విన్నవ్?

…'నడుమ మాట్లాడకు' దాకనా.

గందుకేనా, నువ్వు సప్పుడు చెయ్యకుంటివి. నేను చెప్పినట్టు వింటున్నవనుకున్న.

…

ఏం లేదురా. ఏదో అన్న… లే, గట్లేం లేదు. నిజంగ… అరే, గోడలు లేవు, టెరస్సులు లేవు, గవన్ని గప్పటి ముచ్చట. ఇప్పుడు గోదాముల చల్లగ ఏసీల ఉన్న, నాకేమైతది… అడిగేదా? ఆ. అదే, అడుగుదామనుకున్న… మీ దిక్కు పసుపు ఈసారి మంచిగ పండిందా అని… గంతేరా! దీనికి ధైర్యమెందుకంటె, ఊకెనే అన్న, నిన్ను ఆటపట్టిద్దామని.

అగో, మల్ల పిలుస్తున్నరు. ఎవలు, లావణ్యనా? బిడ్డ గొంతు గుర్తువట్టిన చూడు… పో. ఎక్కువ ఉడికితె మెత్తవడ్తది, నీకు తెల్వదా? పో, నేను రికార్డు ఐపోయినంక బస్సెక్కుత.

ఆ… ఆ… తింట. టైంకు తింట.

సరె… ఫోన్ పెట్టు.

నువ్వే పెట్టు. నేను సాహెబ్ వచ్చేదాక ఈడనే ఉండాలె.

…

అంజీ, ఒక్కమాట —

…

పెట్టిండు.